సొంత కృతిని మెయిన్‌గా పాడటానికి పాతికేళ్ల వయసు చాలదా?

గోదావరి శ్రోత

మొన్న మా ఊరి సభలో పాతికేళ్ల అమ్మాయి గాత్ర కచేరీ జరిగింది. వర్ణం, రెండు త్యాగరాజ కృతులు అయ్యాక షణ్ముఖప్రియ రాగంలో తాను రాసి స్వరపరచుకున్న తెలుగు కృతిని మెయిన్‌గా ఎత్తుకుంది, అంటే కచేరీలో ప్రధాన కృతి అదే. ఆలాపన, నెరవు (ఒక పాదాన్నే రకరకాలుగా పెంచి పాడటం), స్వరకల్పన, తని (తాళవాద్యం ఒంటరిగా వాయించే భాగం) అన్నీ దానికే. జనం కదలకుండా విన్నారు. చివర్లో నిర్వాహకుల్లో ఒక పెద్దాయన మైకు తీసుకుని, “గొంతు బాగుందమ్మా. వచ్చేసారి పెద్దల కృతులు పాడు. సొంతవి పాడే వయసు నీకింకా రాలేదు” అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పుట్టింది 1930లో. 72 మేళకర్త (మూల) రాగాల్లోనూ కృతులు కట్టడం ఆయన కుర్రతనంలోనే జరిగింది. అవి ‘జనకరాగ కృతి మంజరి’గా 1952లో అచ్చయ్యాయి. అప్పటికి ఆయన వయసు ఈ అమ్మాయి కంటే తక్కువ! తెలుగులో వాగ్గేయకారులు కరువయ్యారని ప్రతి ఆరాధన సభలోనూ ప్రసంగాలు చేస్తాం. ఒకరు కనబడగానే వయసు లెక్క తీస్తాం. ఇది న్యాయమేనా?

వీణ పాఠాలు, విజయనగరం

నలుగురిలో అలా అనడం తప్పే. విషయంలో మాత్రం నేను ఆ పెద్దాయన పక్షం.

కృతికి ధాతువు (సంగీతం), మాతువు (సాహిత్యం) రెండూ కావాలి. ఇప్పటి పిల్లలకు ధాతువు బాగానే వస్తోంది, రాగజ్ఞానం నిండుగా ఉంది. మాతువు దగ్గరే కుంటుతున్నారు. నా దగ్గరికి వచ్చే కొత్త కృతులు చాలావరకు దేవుడి పేర్ల దండలు. చోటు మిగిలితే ‘పాహిమాం’, ఇంకా మిగిలితే ‘పాలయమాం’. పల్లవికీ అనుపల్లవికీ ద్వితీయాక్షర ప్రాస కుదరదు. తాళం కోసం మాటను మధ్యలో విరిచేస్తారు, వినేవాడికి అర్థం మారిపోతుంది. త్యాగరాజస్వామి కల్యాణిలో ‘నిధి చాల సుఖమా’ అని మొదలుపెడితే కృతి అంతా ఒక మనిషి తనను తాను నిలదీసుకున్నట్టే సాగుతుంది. ఆ మాటకు ఆ సంగతి (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే వరస) ఎందుకు పడిందో నేర్చుకునేవాడికి పదేళ్ల తర్వాత తెలుస్తుంది.

మైసూరు వాసుదేవాచార్యులు గారి మాతృభాష తెలుగు కాదు. తిరువయ్యారు వెళ్లి పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ దగ్గర గురుకులవాసం చేశారు. త్యాగరాజ పరంపర పాఠం ఒంటబట్టాక ఆయన కట్టిన కృతులు చూడండి. ఖమాస్‌లో ‘బ్రోచేవారెవరురా’ త్యాగరాజ కృతే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బాలమురళి గారి వెనకా గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారున్నారు, ఆయనదీ త్యాగరాజ పరంపరే. కుర్రతనంలో రాశారని మీరు చెప్పింది నిజం. ఆ వయసుకే ఎంత పాఠం లోపలికి వెళ్లిందో అది కూడా చెప్పాలి కదా.

మృదంగం కుర్రాడు

వయసు గొడవ పెద్దలకు వదిలేస్తాను. పక్కవాద్యం వైపు నుంచి ఒక మాట.

కొత్త కృతి అంటే మాకు భయం ఎందుకంటే ముందుగా ఏమీ పంపరు. వేదిక ఎక్కాక “అన్నా, ఆదితాళం, ముప్పావు ఎత్తుగడ” అని చెవిలో చెబుతారు, ఎత్తుగడ అంటే తాళంలో పాట అందుకునే చోటు. నడక ఎలా ఉందో, చరణం ఎక్కడ ఎత్తుకుంటుందో, చిట్టస్వరం (ముందే కూర్చిపెట్టిన స్వరాల వరస) ఉందో లేదో తెలియదు. పాత కృతి అయితే చిన్నప్పటినుంచి విని ఉంటాం, ఏ సంగతి దగ్గర ఆపాలో చేతికే తెలుస్తుంది. కొత్త కృతికి చప్పగా వాయించామని మమ్మల్ని అనేముందు ఫోన్లో ఒక రికార్డింగు పంపండి. వయొలిన్ వాళ్లకు మరీ కష్టం, సాహిత్యం తెలియకుండా నెరవు ఎలా అందుకుంటారు?

గోదావరి శ్రోత

వీణ పాఠాలు అమ్మగారూ, పాఠం బలంగా ఉండాలన్నారు, ఒప్పుకుంటాను. పాఠాన్ని ఎవరు కొలుస్తారు, ఎప్పుడు సరిపోయిందంటారు అన్నదే నా సందేహం. బాలమురళి గారు మహతి, లవంగి లాంటి నాలుగు స్వరాల రాగాలు తెచ్చినప్పుడు వీణ బాలచందర్ గారు అంతటి విద్వాంసుడు బహిరంగంగా ఎదిరించారు. అప్పుడు బాలమురళి గారు కుర్రవాడేం కాదు, దేశమంతా తెలిసిన పేరు. అంటే వయసు వచ్చినా ఆమోదం రాలేదు. అభ్యంతరం కొత్తదనం మీద అయితే కొత్తదనం మీదే అని చెప్పండి, వయసు మీద పెట్టకండి.

న్యూజెర్సీ తెలుగువాడు

ఇక్కడ మా అమ్మాయి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కంపోజిషన్ చదువుతోంది, కాబట్టి ఆ పక్క కొంచెం చూశాను. అక్కడ పాతికేళ్లవాడు సొంతది రాయకపోతేనే ఏమైందని అడుగుతారు. నెదర్లాండ్స్‌లో యువ స్వరకర్తలకు గౌడియామస్ బహుమతి 1957 నుంచి ఇస్తున్నారు. 1985లో అది గెలిచిన కొరియా అమ్మాయి ఉన్‌సుక్ చిన్‌కు అప్పటికి పాతికేళ్లు లేవు, ఈ రోజు ప్రపంచంలో పెద్ద పేర్లలో ఒకరు. కెరొలైన్ షా 2013లో 30 ఏళ్లకే సంగీతంలో పులిట్జర్ అందుకుంది. ఆ రచనను ఆమె తాను పాడే గాయక బృందం కోసమే రాసుకుంది. ఈ అమ్మాయి చేసిందీ అదే కదా!

అక్కడ అంతా సుఖమని మాత్రం అనుకోకండి. కొత్త రచన మొదటిసారి వాయించడానికి డబ్బు దొరుకుతుంది, పేపర్లో వార్త వస్తుంది. రెండోసారి వాయించేవాళ్లు దొరకరు. ఎన్నో రచనలు ఒక్క సాయంత్రం వినిపించి బీరువాలోకి వెళ్లిపోతాయి. ఫిలిప్ గ్లాస్ అంతటివాడు నలభై దాటేదాకా టాక్సీ నడిపాడు.

కొండకింద పాట

అందరూ ఒక సంగతి మరిచిపోతున్నారు. గత వందేళ్లలో తెలుగువాళ్ల సంగీత రచన ఎక్కువగా అన్నమయ్య పాటల్లోనే జరిగింది. రాగిరేకుల మీద సాహిత్యం దొరికింది, రాగం పేరు దొరికింది, వరస దొరకలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు స్వరపరిస్తేనే అవి మన నోళ్లలోకి వచ్చాయి. ‘నానాటి బ్రతుకు’ వినగానే రేవతి రాగం గుర్తొస్తుంది, అది నేదునూరి గారి ఆలోచన. ఇది రచన కాదా? కుర్ర స్వరకర్తలు మాతువు కుదరక అవస్థ పడేకన్నా ఆ మహాసాహిత్యం మీద చేయి తిప్పుకోవచ్చు. వేల పాటలు ఇంకా వరస లేకుండా ఉన్నాయి.

గోదావరి శ్రోత

మంచి మాట. కానీ ఆ రేవతి వరస నేదునూరి గారిదని ఎంతమందికి తెలుసు? వేదిక మీద “అన్నమాచార్య కీర్తన” అంటారు, స్వరకర్త పేరు పలకరు. అంతటివారికే అలా జరుగుతుంటే పాతికేళ్ల పిల్ల పేరు ఎవరు చెబుతారు? పైగా ఈ కాలం మనిషి ఈ కాలం మాట చెప్పుకోవద్దా? మదరాసులో ఎన్నూరు వాగు కాలుష్యం మీద టి.ఎం. కృష్ణ 2017లో కర్ణాటక రాగాల్లో పాడితే ఊరంతా మాట్లాడుకుంది. నచ్చనివాళ్లూ ఉన్నారు, ఉండనివ్వండి. తెలుగులో అలాంటి ప్రయత్నానికి మనం చోటు కూడా ఇవ్వడం లేదు.

తొలి వర్ణం

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. నేనూ రాస్తాను, ముప్పై లోపే.

వేదిక దొరకకపోవడం నా అసలు కష్టం కాదండీ. నా కృతి నేను పాడుకుంటాను, యూట్యూబ్‌లో పెడతాను, చూసినవాళ్లు చేతులు జోడించే బొమ్మ పెట్టి వెళ్తారు. “స్వరం పంపవా, నేర్చుకుంటాను” అని అడిగినవాళ్లు దాదాపు లేరు. త్యాగరాజస్వామి కృతులు మనదాకా వచ్చాయంటే వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ లాంటి శిష్యులు కూర్చుని రాసిపెట్టారు, పాఠం చెప్పారు. నా తరం వాళ్లమంతా ఎవరి కృతి వాళ్లమే పాడుకుంటున్నాం. నా స్నేహితురాలి కృతి నేను పాడను, నాది తను పాడదు. సభలు మమ్మల్ని పక్కన పెడుతున్నాయని అంటాం, ముందు మేమే ఒకరినొకరం పాడుకోవడం లేదు.

ఇంకో సంగతి డబ్బు. కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. కచేరీలో ఎవరైనా నా కృతి పాడితే నాకు రూపాయి ఇచ్చే అలవాటు మాత్రం మన సభల్లో నేను చూడలేదు. నేను అడగను కూడా, అడిగితే పాడేవాళ్లు కూడా మానేస్తారని భయం. పూర్వం రాజుల కొలువుండేది, తర్వాత ఆకాశవాణి ఉండేది. విజయవాడ కేంద్రంలో బాలమురళి గారు, ఓలేటి గారు, రజనీకాంతరావు గారు జీతం తీసుకుంటూ కొత్త పాటలు కట్టారు. నేను పొద్దున సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి రాత్రి చరణం దిద్దుకుంటాను. వయసు వచ్చేదాకా ఆగమంటే ఆగుతాను, కానీ దిద్దేవాళ్లు లేకుండా ఆగితే ఏం లాభం?

వీణ పాఠాలు, విజయనగరం

తొలి వర్ణం, అమ్మవో బాబువో తెలియదు, నీ మాట నన్ను ఆలోచింపజేసింది. మెయిన్‌గా పాడే విషయంలో నా అభిప్రాయం మారలేదు. గంటన్నర కచేరీలో నలభై నిమిషాలు ఒక కృతికి ఇస్తున్నామంటే అది అంత బరువు మోయాలి. నలుగురు పాడి, నలుగురు గురువులు సరిదిద్ది, సంగతులు నిలిచాక ఆ బరువు వస్తుంది.

కొత్త రచనలు మన కచేరీల్లోకి ఏ దారిన వచ్చాయో చూడండి. లాల్గుడి జయరామన్ గారు తమిళులు, వలజిలో ‘చలము సేయ’ అని తెలుగులో వర్ణం కట్టారు. ఇప్పుడు ఏ ఊళ్లో పాఠశాలకు వెళ్లినా పిల్లలు పాడుతుంటారు. ఆయన తిల్లానాలు, బాలమురళి గారి తిల్లానాలు కూడా అంతే. వర్ణంలో సాహిత్యం తక్కువ, స్వరం పట్టు తెలిసిపోతుంది, పిల్లలకు అభ్యాసం అవుతుంది, గురువుకు చెప్పాలనిపిస్తుంది. ముందు ఒక వర్ణం కట్టు.

గోదావరి శ్రోత

అంటే వెనక గుమ్మం నుంచి రమ్మంటున్నారు.

వీణ పాఠాలు, విజయనగరం

వర్ణంతోనే కదండీ కచేరీ మొదలయ్యేది, అది ముందు గుమ్మమే. తొలి వర్ణం, నీ దగ్గర ఉన్నవాటిలో ఒకటి స్వరం, సాహిత్యం విడివిడిగా రాసి ఇక్కడ పెట్టు. ప్రాస ఎక్కడ తప్పిందో, మాట ఎక్కడ విరిగిందో మొహమాటం లేకుండా చెబుతాను. దిద్దాక పాఠంగా నిలుస్తుందనిపిస్తే నా దగ్గర వీణ నేర్చుకునే పెద్ద పిల్లలకు నీ పేరు చెప్పే చెబుతాను. నిలవదనిపిస్తే అదీ చెబుతాను.

మృదంగం కుర్రాడు

ఎత్తుగడ ఎక్కడో కూడా రాయండి. పాడి పెడితే ఇంకా మంచిది, నేను తాళం వేసి చూస్తాను.

తొలి వర్ణం

కానడలో ఒక ఆదితాళ వర్ణం ఉంది. చిట్టస్వరాల్లో మూడోది ఇంకా కుదరలేదు, అయినా ఈ రాత్రికే పెడతాను.