బుగ్గ ఉబ్బిన రొయ్య: గొడ్డుపోయేలా చేయడం పరాన్నజీవి ఎత్తా, ఒట్టి ఆకలా?

ఉప్పుచుక్క:
లోతు సముద్రపు రొయ్యల ఫొటోల్లో కొన్నిటికి ఒక పక్క బుగ్గ, పంటినొప్పి వచ్చినవాడి ముఖంలా ఉబ్బి ఉంటుంది, చూసే ఉంటారు. అక్కడ పైపెంకు కింద, మొప్పల గదిలో, బోపిరిడ్ అనే జీవి కాపురం పెట్టిందన్నమాట. రాయి ఎత్తితే కింద బూడిదరంగులో కనబడి, ముట్టుకుంటే ఉండలా చుట్టుకునే చిన్న పురుగుంటుందే, ఆ ఐసోపాడ్‌లకు బంధువే ఇది. కాకపోతే రొయ్య రక్తం తాగుతూ ఉన్నచోటే పెరిగి పెరిగి తలెక్కడో కాళ్లెక్కడో తెలియని వంకర ముద్దలా అవుతుంది. ఇది పట్టిన రొయ్య చాలాసార్లు గుడ్లు పెట్టదు. దాని గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట, ఎంత తెలివైనదో, చంపకుండా గొడ్రాలిని చేసి ఆ శక్తంతా తను వాడుకుంటుంది అని. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. తిండి చాలకపోతే చాలా జంతువులు ముందు ఆపేది గుడ్లే కదా. రోజూ రక్తం తాగేవాడు ఇంట్లో కూర్చుంటే అండాశయానికి మిగిలేదేముంది? ఇందులో ఎత్తు ఎక్కడ?

నత్తనడక:
ఎత్తు అంటే అది కూర్చుని ఆలోచించిందని కాదండీ. పెద్దయ్యాక ఆడ బోపిరిడ్ ఇంకో రొయ్య మీదికి మారలేదు. రొయ్య పోతే అదీ పోయినట్టే. కాబట్టి గుండె, కండరం జోలికి పోకుండా, లేకపోయినా రొయ్య బతకగలిగే ఒక్క ఖర్చు మీద పడి తినే రకాలే తరతరాలుగా నిలిచాయి. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాటికి వారసులు మిగల్లేదు. దాన్నే మేం ఎత్తు అంటున్నాం.

ఉప్పుచుక్క:
సరే, కానీ అది గుడ్ల మీదే "పడి తింటోంది" అనడానికి రుజువేదండీ? అది పీల్చేది రక్తాన్ని, అండాశయాన్ని కాదు. రక్తం అన్ని అవయవాలకూ ఒకటే.

కెరటం_77:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. అట్లాంటిక్ అడుగున వేడినీటి బుగ్గల దగ్గర గుంపులు గుంపులుగా ఉండే రొయ్యలకు కూడా మొప్పల గది ఉబ్బే ఉంటుంది కదా, అవన్నీ ఈ రోగంతో ఉన్నవేనా?

నత్తనడక:
కాదు కాదు. మీరంటున్నది రిమికారిస్ ఎక్సోక్యులాటా, 1986లో దానికి ఆ పేరు పెట్టారు. పెద్దయ్యాక దాని గది సహజంగానే పెద్దది, రెండు పక్కలా సమానంగా ఉంటుంది. లోపల ఉండేది బాక్టీరియా, అవి రొయ్యకు తిండి తయారుచేసి పెడతాయి. బోపిరిడ్ అయితే దాదాపు ఎప్పుడూ ఒక పక్కే ఉబ్బుతుంది. ఒకే గదిలో ఒకచోట వంటమనిషి, ఇంకోచోట దొంగ :)

రాత్రిపడవ:
మీ ఇద్దరూ బోపిరిడ్ దగ్గరే ఆగిపోయారు. శాక్యులినా సంగతేంటి? అది పీతల మీద బతికే బార్నకిల్, అంటే రాళ్లకూ పడవల అడుగుకూ అతుక్కుని ఉండే పెంకుజీవుల బంధువు. బయట సంచి మాత్రమే కనిపిస్తుంది, లోపల వేళ్లలా ఒళ్లంతా పాకి ఉంటుంది. ఆ సంచి వచ్చేది సరిగ్గా ఆడపీత గుడ్లు మోసే చోట. మగపీతకు పడితే దాని పొట్ట భాగం ఆడదానిలా వెడల్పవుతుంది, ఆ సంచిని తన గుడ్లే అన్నట్టు శుభ్రం చేస్తూ కాపాడుతుంది. ఆకలితో మగది ఆడదానిలా మారుతుందా? చల్లటి నీళ్ల రొయ్యల మీద కూడా ఇదే కుదురుకు చెందిన సైలాన్ అనేది ఉంది. ఉప్పుచుక్క గారు దీనికి ఏమంటారో చూడాలి.

ఉప్పుచుక్క:
శాక్యులినా విషయంలో చేతులెత్తేస్తున్నా. అక్కడ హార్మోన్ల దాకా వెళ్లి పని చేస్తోంది, అది ఆకలి కాదు. కానీ దాన్ని చూపించి 600కు పైగా ఉన్న బోపిరిడ్ జాతులన్నిటికీ అదే బిరుదు తగిలించడం మాత్రం ఒప్పుకోను. రెండూ ఒకే ఫలితం ఇస్తున్నాయని దారి కూడా ఒకటే అంటే ఎలా? ఇంకోటి, గుడ్ల శక్తి మిగిలితే రొయ్య పెద్దగా పెరగాలి కదా. కొన్ని జాతుల్లో అలా కనబడుతుంది, కొన్నిట్లో పరాన్నజీవి ఉన్న రొయ్యే చిన్నగా ఉంటుంది.

నత్తనడక:
పెరగడం సంగతి నిజమే, గందరగోళంగానే ఉంది. సాధారణంగా అది రొయ్య చిన్నప్పుడే ఎక్కి దానితోపాటే పెరుగుతుంది, అందుకే పెద్ద రొయ్యలో పెద్ద బోపిరిడ్ ఉంటుంది. అలాంటప్పుడు ఏది దేనివల్లో విడదీయడం కష్టం.

రాత్రిపడవ:
నన్నడిగితే ఆ గది దాకా ఎలా చేరుతుందన్నదే అసలు వింత. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ముందు కోపెపాడ్ అనే బుల్లి జీవిని పట్టుకోవాలి, దాని మీద రూపం మార్చుకోవాలి, మళ్లీ వదిలి ఈదుతూ రొయ్యను వెతుక్కోవాలి. ముందు వచ్చింది ఆడదవుతుంది, తర్వాత వచ్చింది ఆ ఆడదాని మీదే చిన్న మగదిగా అతుక్కుపోతుంది. లోతు నీళ్ల చీకట్లో ఇదెలా కుదురుతోందో. రాత్రిపూట చాలా రొయ్యలు పైనీళ్లకు వస్తాయి కాబట్టి కలిసే అవకాశం అక్కడే ఎక్కువేమో అని నా ఊహ. ఇంత కష్టపడి చేరాక ఇల్లు కూలిపోకూడదు కదా, అందుకే నా ఓటు నత్తనడక గారికే.

కెరటం_77:
మరి గుంపులో వందకు ఎన్నిటికి ఉంటుంది? రొయ్యలే తగ్గిపోవూ?

నత్తనడక:
జాతిని బట్టి, చోటును బట్టి మారుతుంది, చాలా చోట్ల తక్కువే. జురాసిక్ కాలపు శిలాజాల్లో కూడా ఈ బుగ్గ వాపు కనిపిస్తుంది, అప్పటినుంచీ రెండూ కలిసే నడుస్తున్నాయి.

ఉప్పుచుక్క:
అన్ని కోట్ల ఏళ్లు నిలిచాయంటే తెలివనే అనక్కర్లేదు, తక్కువ తాగినా సరిపోయి ఉండొచ్చు. బోపిరిడ్‌ను తీసేసి, ఆ రొయ్యకు కడుపునిండా తిండి పెట్టి చూడాలి. మళ్లీ గుడ్లు పెడితే నా మాట, పెట్టకపోతే మీ మాట.

నత్తనడక:
అలా ఎలా అండీ, తీసేశాక గుడ్లు పెడితే రెండు మాటలూ నిలుస్తాయి. బోపిరిడ్‌ను లోపలే ఉంచి తిండి పెంచండి, అప్పుడు పెడుతుందో లేదో చూద్దాం.