బ్రిటన్‌లో ఎవరి మాట నమ్మాలి? ప్రభుత్వం మీద, పేపర్ల మీద మీ అనుభవాలు చెప్పండి

రెడింగ్ రైతుబిడ్డ

నేను ఈ దేశం వచ్చి పన్నెండేళ్లయింది. మొన్న శనివారం మా ఇంట్లో నాలుగు కుటుంబాలు భోజనాలకి కలిశాం. మాటల్లో బీబీసీ వచ్చింది. ఒకాయన అది ప్రభుత్వం బాకా అన్నాడు. ఇంకొకాయన అది లెఫ్ట్ వాళ్ల అడ్డా అన్నాడు. ఇద్దరూ చూసేది ఒకే ఛానల్, ఒకే వార్తలు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి గొంతులు లేచాయి, పిల్లలు పైగదిలోకి వెళ్లిపోయారు.

ఈ గొడవ మన ఇళ్లలోనే కాదు. నాట్‌సెన్ అనే సంస్థ ఏటా ఇక్కడి జనాభిప్రాయం మీద సర్వే చేస్తుంది. ఏ పార్టీ ప్రభుత్వమైనా సొంత పార్టీ లాభం కంటే దేశం మేలు ముందు చూస్తుందని దాదాపు ఎప్పుడూ నమ్మం అన్నవాళ్లు 2020లో 23 శాతం. 2024లో వచ్చిన నివేదికలో 45 శాతం. మన ఊళ్లో ఒక ఇంట్లో ఏ పేపర్ వేయించుకుంటారో తెలిస్తే వాళ్లది ఏ పార్టీయో చెప్పొచ్చు, కాబట్టి జల్లెడ పట్టుకునే చదువుతాం. ఇక్కడ ఆ జల్లెడ ఎలా పట్టాలో నాకింకా అంతుపట్టలేదు.

సిద్ధాంతాలు వద్దు. మీ జీవితంలో నమ్మకం ఎక్కడ పోయిందో, ఎక్కడ మిగిలిందో రాయండి.

గుంటూరమ్మాయి

నాది 2021 ఏప్రిల్. ఆ నెల 23న ఇండియాని రెడ్ లిస్టులో పెట్టారు. వెళ్తే తిరిగొచ్చాక పది రోజులు హోటల్లో ఉండాలి, మనిషికి 1,750 పౌండ్లు. చంటిపిల్ల ఉంది, ఉద్యోగం ఉంది. ఆ నెలాఖరులో నాన్న కోవిడ్‌తో పోయారు. దహనం వాట్సాప్ వీడియోలో చూశాను. మధ్యలో సిగ్నల్ పోయింది. రూల్ అందరికీ ఒకటే కదా అని మనసుకి చెప్పుకున్నాను.

2022 జనవరిలో తెలిసింది, ఇళ్లలో గుమికూడకూడదన్న కోవిడ్ రూల్ ఉండగానే 2021 ఏప్రిల్ 16 రాత్రి ప్రధాని కార్యాలయంలో రెండు వీడ్కోలు పార్టీలు జరిగాయని. మర్నాడు ప్రిన్స్ ఫిలిప్ అంత్యక్రియలు. రూల్ ప్రకారం రాణి గారు చర్చిలో ఒంటరిగా కూర్చున్నారు. ఆ ఫొటో చూసి నేను ఏడ్చాను. తర్వాత ప్రధాని కార్యాలయం రాణి గారి ప్యాలెస్‌కి క్షమాపణ చెప్పింది. మాకెవరు చెప్పారు?

ఇందులో ఒక సంగతి గమనించాను. ప్రధాని ఆఫీసు విందుల కథ మొదట బయటపెట్టింది లేబర్ పార్టీ వైపు ఉండే డైలీ మిర్రర్, 2021 నవంబర్ 30న. కానీ ఏప్రిల్ 16 కథ బయటపెట్టింది టెలిగ్రాఫ్, అది కన్సర్వేటివ్‌ల పేపర్. సొంత పార్టీ ప్రధాని మీదే రాసింది. అప్పటి నుంచి ఫలానా పేపర్ ఫలానా వాళ్లది, చదవక్కర్లేదు అనే మాట నేను అనడం మానేశాను.

మిల్టన్‌కీన్స్ టెస్టర్

అక్కా, మీ పోస్టు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ రాత్రి గురించే ఒక మాట కలుపుతాను. ఆ రెండు పార్టీల్లో ఒకటి ప్రధాని కమ్యూనికేషన్స్ డైరెక్టర్ జేమ్స్ స్లాక్‌ది. ఆయన ముందు డైలీ మెయిల్‌లో పనిచేసి ప్రభుత్వంలోకి వచ్చాడు, అక్కడి నుంచి సన్ పత్రికకి డిప్యూటీ ఎడిటర్‌గా వెళ్లాడు. పేపర్ ఎడమా కుడా అని మనం కొట్టుకుంటాం గానీ, నాకు అసలు భయం ఈ రాకపోకల గురించే. రాసేవాడూ రాయించుకునేవాడూ ఒకే భోజనం బల్ల దగ్గర కూర్చుంటే ఏ వార్త రాకుండా పోయిందో మనకెలా తెలుస్తుంది?

నాకు ప్రభుత్వం మీద నమ్మకం పోయింది హొరైజన్ కేసుతో. పద్దెనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, అందుకని బాగా మనసుకి తగిలింది. ఫుజిత్సు చేసిన ఆ సిస్టమ్ పోస్టాఫీసు కౌంటర్లలో లేని లోటు చూపించింది. 1999 నుంచి 2015 మధ్య, ఆ కౌంటర్లు నడిపేవాళ్లలో 900 మందికి పైగా దొంగలుగా శిక్ష పడింది. అందులో మన గుజరాతీ, పంజాబీ కుటుంబాలవాళ్లు చాలామంది. బ్రాంచి లెక్కల్లోకి బయటి నుంచి ఎవరూ వెళ్లలేరని పోస్టాఫీసు ఏళ్ల తరబడి చెప్పింది. వెళ్లగలరని తర్వాత తేలింది. ప్రొడక్షన్‌లో బగ్ లేని సిస్టమ్ నేను ఇంతవరకు చూడలేదు. కానీ 1999 నాటి ఒక చట్టంతో, వేరే రుజువు చూపించేదాకా కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తోందని కోర్టు అనుకోవాలి. కౌంటర్ వెనక కూర్చున్న మనిషి ఆ రుజువు ఎక్కడి నుంచి తెస్తాడు?

దీన్ని 2009 మేలో మొదట రాసింది కంప్యూటర్ వీక్లీ. మా ఆఫీసులో టేబుల్ మీద పడి ఉండే పత్రిక. పెద్ద పేపర్లు ఏదో ఒక మూల వేశాయి, మళ్లీ మర్చిపోయాయి. 2019లో హైకోర్టు జడ్జి సిస్టమ్‌దే తప్పని తేల్చాక కూడా దేశం కదల్లేదు. 2024 జనవరిలో ఐటీవీ ఛానల్లో ఇదే కథ మీద నాలుగు రోజులు సీరియల్ వచ్చింది. వారం తిరక్కుండా ప్రధాని ఆ శిక్షలు రద్దు చేసే కొత్త చట్టం తెస్తామన్నాడు, మే నెలకి తెచ్చారు కూడా. పదిహేనేళ్ల వార్తలు చేయలేని పని ఒక నాటకం చేసింది. సంతోషించాలో బాధపడాలో ఇప్పటికీ తెలియదు.

లివర్‌పూల్ నర్సు

మా ఊరి సంగతి చెప్తాను. నేను 2006లో ఉద్యోగంలో చేరిన కొత్తలో రైల్లో ఎవరో వదిలేసిన సన్ పేపర్ తీసుకుని బ్రేక్ రూములో పెట్టాను. మా సీనియర్ సిస్టర్ ఏమీ అనకుండా దాన్ని రెండు వేళ్లతో తీసి చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుంది. తర్వాత నన్ను కూర్చోబెట్టి చెప్పింది. 1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియం, ఫుట్‌బాల్ మ్యాచ్. తొక్కిసలాటలో నలిగిపోయినవాళ్లు, తర్వాత ఏళ్లకి పోయినవాళ్లతో కలిపి 97 మంది. నాలుగు రోజులకి ఆ పేపర్ మొదటి పేజీలో 'నిజం' అని హెడ్డింగ్ పెట్టి, లివర్‌పూల్ అభిమానులు చనిపోయినవాళ్ల జేబులు కొట్టారని రాసింది. ఆ మాటలు అందించింది పోలీసులు, ఒక ఎంపీ.

అదంతా అబద్ధమని 2012లో స్వతంత్ర ప్యానెల్ చెప్పింది. పోలీసుల వాంగ్మూలాలే వందకి పైగా మార్చారని బయటపడింది. 2016లో జ్యూరీ తీర్పు ఇచ్చింది, అభిమానుల తప్పు లేదని. ఇరవై ఏడేళ్లు! ఇప్పటికీ ఇక్కడ చాలా షాపుల్లో ఆ పేపర్ ఉండదు.

ప్రభుత్వం వేరు, మీడియా వేరు అని విడదీసి మాట్లాడేవాళ్లకి నేను హిల్స్‌బరో గురించి చెప్తాను. అధికారి అబద్ధం చెప్పాడు, పేపర్ అచ్చేసింది. రెండూ కలిస్తేనే అంత దెబ్బ తగిలింది. అధికారులు విచారణల్లో నిజం చెప్పి తీరాలనే బిల్లు 2025 సెప్టెంబర్‌లో పార్లమెంటుకి వచ్చింది. ఆ తల్లులు దశాబ్దాల పాటు అడిగితే వచ్చింది.

క్రాయిడన్ కిరణం

కొందరు పాత పేపర్లని మెచ్చుకుంటున్నారు, నేను ఒప్పుకోను. బీబీసీకి కట్టే లైసెన్స్ ఫీజు 2025 ఏప్రిల్‌లో ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. పేపర్ నచ్చకపోతే కొనను, కానీ లైవ్ టీవీ ఏ ఛానల్ చూసినా ఇది కట్టాలి. కట్టించుకునేవాడు మరింత జాగ్రత్తగా ఉండాలి కదా? ట్రంప్ ప్రసంగంలో వేర్వేరు చోట్ల అన్న మాటల్ని బీబీసీ పనోరమా ప్రోగ్రాంలో ఒకే మాటలా అతికించారు. 2025 నవంబర్‌లో డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, న్యూస్ హెడ్ డెబొరా టర్నెస్ ఇద్దరూ రాజీనామా చేశారు. అంతకుముందు 2023లో చైర్మన్ రిచర్డ్ షార్ప్ రాజీనామా, బోరిస్ జాన్సన్ అప్పు ఏర్పాటులో తన పాత్ర సరిగ్గా చెప్పనందుకు. ఒకటి లెఫ్ట్ వైపు తప్పు, ఒకటి రైట్ వైపు తప్పు. రెండు వైపులా తప్పు చేస్తే సమతూకం అయిపోదు.

నేను జీబీ న్యూస్ కూడా చూస్తాను. వలసల మీద ఇక్కడివాళ్ల బాధ అక్కడే వినపడుతుంది. రాదర్‌హమ్‌లో 1,400 మంది పిల్లల్ని చెరిచారని 2014లో జే నివేదిక అంచనా వేసింది. నిందితుల మూలాల గురించి మాట్లాడితే జాత్యహంకారి అంటారేమోనని కొందరు అధికారులు నోరు మెదపలేదు. ఇలాంటివి దాచినందుకే జనం విసిగిపోయారు.

లివర్‌పూల్ నర్సు

కిరణం గారూ, రాదర్‌హమ్ సంగతి మీరు చెప్పింది నిజం, నాకూ కడుపు మండుతుంది. కానీ దాన్ని 2011 నుంచి వెంటపడి రాసింది టైమ్స్ విలేకరి ఆండ్రూ నార్ఫోక్. పాత పేపర్ మనిషే.

బీబీసీ విషయంలో ఒకటి చెప్పండి. 2012లో బీబీసీ న్యూస్‌నైట్ ప్రోగ్రాం తప్పు చేసినప్పుడు అప్పటి డైరెక్టర్ జనరల్‌ని సొంత రేడియోలోనే జాన్ హంఫ్రీస్ నిలదీశాడు. ఆ రాత్రికి ఆ డైరెక్టర్ జనరల్ రాజీనామా చేశాడు. సొంత యజమానిని అలా కూర్చోబెట్టి అడిగే ఛానల్ మన దగ్గర ఉందా?

క్రాయిడన్ కిరణం

లేదు. అది ఒప్పుకుంటాను. లైసెన్స్ ఫీజు మాత్రం ఒప్పుకోను.

టీస్ ఒడ్డున

2024 ఆగస్టులో నేను మిడిల్స్‌బరోలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. జూలై 29న సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నపిల్లల్ని పొడిచి చంపారు. చంపినవాడు పడవలో వచ్చిన శరణార్థి అని ఒక తప్పుడు పేరు నెట్‌లో తిరిగింది. పుట్టింది ఈ దేశంలోనే, కార్డిఫ్‌లో అని పోలీసులు చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. ఆగస్టు 4 ఆదివారం మా ఊళ్లో అల్లరిమూకలు కార్లు ఆపి, నువ్వు తెల్లవాడివేనా అని అడిగాయి. మేం నలుగురం లైట్లు ఆర్పేసి వంటగదిలో నేలమీద కూర్చున్నాం. కరీంనగర్ నుంచి అమ్మ గంటకోసారి ఫోన్. టెన్షన్‌తో అన్నం సయించలేదు.

ఆ వారం మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన వీడియోల్లో సగం వేరే ఊళ్లవి, కొన్ని వేరే దేశానివి. నేనూ రెండు ఫార్వర్డ్ చేశాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను, ఒక అమ్మాయి అది చూసి నైట్ షిఫ్ట్ మానేసింది. చివరికి నాకు పనికొచ్చింది బీబీసీ లోకల్ రేడియో. ఏ వీధి మూసేశారు, ఏ బస్సు తిరుగుతోంది, అంతే చెప్పారు. ఎడమా కుడా ఎవరూ మాట్లాడలేదు.

ప్రభుత్వం తప్పు కూడా ఉంది. విచారణ చెడిపోతుందని కొన్ని వివరాలు బయటపెట్టలేదని 2025 జనవరిలో ప్రధాని స్టార్మర్ చెప్పాడు. చట్టం అలాగే ఉంది, అర్థమైంది. కానీ ఎందుకు చెప్పడం లేదో ఆ రోజే నాలుగు ముక్కల్లో చెప్పి ఉంటే, ఖాళీ చోట్లో పుకారు కూర్చునేది కాదు.

వేల్స్ డాక్టర్ (రిటైర్డ్)

నేను 1976లో విశాఖపట్నం నుంచి వచ్చాను. ఇది ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

80ల మొదట్లో ఒక ఆసుపత్రిలో జూనియర్‌గా హీమోఫీలియా, అంటే రక్తం గడ్డకట్టని జబ్బున్న పిల్లలకి, గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఎయిట్ ఇంజెక్షన్లు ఇచ్చేవాణ్ణి. అమెరికా నుంచి వచ్చేది. వేలమంది ప్లాస్మా కలిపి చేసేది, అందులో ఖైదీలదీ ఉండేది. పిల్లలకి అది వరంలా కనిపించింది, ఇంట్లోనే వేసుకోవచ్చు. ఒక తొమ్మిదేళ్ల బాబు ఫుట్‌బాల్ స్టిక్కర్ల పుస్తకం తెచ్చి నాకు పేర్లు నేర్పించేవాడు.

1983 మే 1న మెయిల్ ఆన్ సండేలో వార్త వచ్చింది, ఆసుపత్రుల్లో ప్రాణాలు తీసే రక్తం వాడుతున్నారని. వార్డులో అందరం విసుక్కున్నాం. చౌకబారు పేపర్, జనాన్ని భయపెట్టి అమ్ముకుంటోంది అన్నాం. నేనే ఆ పేపర్ మడిచి పక్కన పెట్టాను. అతిగా భయపెడుతోందని ఒక నిపుణుడు ప్రెస్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేస్తే, కౌన్సిల్ ఆయన వైపే నిలబడింది. ఆ నవంబర్‌లో కూడా ప్రభుత్వం పార్లమెంటులో, రక్త ఉత్పత్తుల వల్ల ఎయిడ్స్ వస్తుందనడానికి గట్టి రుజువు లేదనే చెప్పింది.

2024 మే 20న ఈ కలుషిత రక్తం మీద విచారణ చేసిన సర్ బ్రయన్ లాంగ్‌స్టాఫ్ నివేదిక వచ్చింది. రక్తం, రక్త ఉత్పత్తుల వల్ల 30,000 మందికి పైగా హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి సోకాయి, సుమారు 3,000 మంది పోయారు. కాగితాలు కావాలనే నాశనం చేశారని కూడా రాశారు. నా భార్య పక్కన కూర్చుంటే నేను రెండు రోజులు చదివాను.

పెద్ద మనుషులు, మంచి ఇంగ్లీషు, మర్యాదైన భాష. మేం నమ్మింది వాటిని. ఆ పేపర్ గొంతు మాకు నచ్చలేదు, అందుకని లోపల ఏముందో చూడలేదు. మీరు పక్షపాతం గురించి వాదించుకుంటున్నారు కాబట్టి ఇది చెప్పాలనిపించింది.

గుంటూరమ్మాయి

డాక్టర్ గారూ, మీరు ఇది రాసినందుకు మా అందరి తరఫున నమస్కారం.

స్వాన్సీ సుజాత

నేను కేర్ వర్కర్‌ని. మా బాధ వేరు. 2025 మే 12న వలసల మీద ప్రభుత్వ ప్రతిపాదనల పత్రం, వైట్ పేపర్ వచ్చింది, పర్మనెంట్ వీసాకి ఐదేళ్లు కాదు, మామూలుగా పదేళ్లు అని. మేం వచ్చేటప్పుడు చెప్పింది ఐదు. అప్పటి నుంచి రోజూ ఒక పేపర్ ఒక తీరు రాస్తుంది, మన యూట్యూబర్లు ఇంకో తీరు అరుస్తారు. ఎవర్ని నమ్మాలి?

మిల్టన్‌కీన్స్ టెస్టర్

సుజాత గారూ, వార్త వద్దు, కాగితం చదవండి. ప్రతిపాదన వేరు, రూల్ వేరు. రూల్ మారితే 'స్టేట్‌మెంట్ ఆఫ్ ఛేంజెస్' అని పార్లమెంటులో పెడతారు, ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్.యూకేలో ఉంటుంది. హౌస్ ఆఫ్ కామన్స్ లైబ్రరీ వాళ్లు ఏ పార్టీకీ చెందకుండా తేలిక ఇంగ్లీషులో వివరిస్తారు, అదీ ఫ్రీ. మీ ఎంపీకి ఉత్తరం రాయండి.

ఇంకొకటి. కామన్వెల్త్ పౌరులం కాబట్టి వీసా మీద ఉన్నా మనకి ఇక్కడ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. ఆన్‌లైన్‌లో రిజిస్టర్ అవ్వాలి, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ చాలు. పోలింగ్ రోజు మన ఇండియన్ పాస్‌పోర్టే గుర్తింపుగా పనికొస్తుంది.

స్వాన్సీ సుజాత

మూడేళ్లయింది వచ్చి, ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఇవాళ డ్యూటీ దిగాక చేస్తాను.

రెడింగ్ రైతుబిడ్డ

ఆ ఇద్దరినీ వచ్చే శనివారం మళ్లీ భోజనానికి పిలిచాను. డాక్టర్ గారూ, మీకు అభ్యంతరం లేకపోతే మీరు రాసింది వాళ్లకి చదివి వినిపిస్తాను.

వేల్స్ డాక్టర్ (రిటైర్డ్)

చదవండి బాబూ. ఆ పిల్లవాడి పేరు మాత్రం నన్ను అడగొద్దు.