ల్యాబ్, గైడ్ ఎక్కడ దొరుకుతారు? పద్నాలుగు మెయిళ్లకి ఒక్క జవాబూ రాలేదు

ప్రశ్న (పెట్రీప్లేట్): పదకొండో తరగతి అమ్మాయిని. వెల్లుల్లి రసం బ్యాక్టీరియాని ఆపుతుంది కదా, ఆ రసాన్ని నిలవ ఉంచితే దాని బలం ఎన్నాళ్లకి తగ్గుతుందో చూడాలని ఉంది. మా స్కూల్లో మైక్రోస్కోపు తప్ప ఏమీ లేదు. ఇంట్లో చేస్తానంటే టీచర్ వద్దన్నారు. పద్నాలుగు మంది ప్రొఫెసర్లకి "మీ పరిశోధనంటే చాలా ఆసక్తి, మీ ల్యాబ్‌లో అవకాశం ఇవ్వండి" అని ఒకే మెయిల్ పంపాను. మూడు వారాలైంది. ఇంకేం చేయాలి?

జవాబు (ఇంక్యుబేటర్ అక్క): చెల్లీ, మీ టీచర్ మాట విను. ఐసెఫ్ లాంటి, స్కూలు పిల్లల అంతర్జాతీయ సైన్స్ ప్రాజెక్టు పోటీల్లో కూడా ఇంట్లో బ్యాక్టీరియా పెంచితే ఒప్పుకోరు. అనుమతి కాగితాలు ప్రయోగం మొదలుకాకముందే పూర్తవ్వాలి.

నేను మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా మేడంకి వచ్చే విద్యార్థుల మెయిళ్లు నాకు పంపిస్తుంటారు. చాలావరకు నీది లాంటివే. ఏం చేయాలనుకుంటున్నారో తెలియకపోతే మేం ఔననీ కాదనీ ఎలా చెప్తాం? కిందటేడు ఒక అబ్బాయి రాశాడు: "మీ పేపర్లో మూడో బొమ్మలో, మందు లేకుండా ఉత్త ఆల్కహాల్ వేసిన డిస్క్ చుట్టూ కూడా సన్నటి ఖాళీ వలయం కనిపిస్తోంది. దాన్ని లెక్కలోంచి తీసేశారా?" డిస్క్ అంటే మందు వేసి బ్యాక్టీరియా ప్లేటు మీద పెట్టే చిన్న కాగితపు బిళ్ల, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని చోటే ఆ ఖాళీ వలయం. నేను వెంటనే ఆ ఫోటో తెరిచి పెద్దది చేసి చూశాను. మిల్లీమీటరు కూడా లేదు, కానీ ఉంది! ఆ వారమే ల్యాబ్‌కి రమ్మన్నాం.

నీ ప్రశ్న నిజంగా బాగుంది. వెల్లుల్లిలో ముఖ్యంగా పనిచేసే అల్లిసిన్ రెబ్బలో సిద్ధంగా ఉండదు. రెబ్బ నలిగినప్పుడే అల్లినేజ్ అనే ఎంజైము దాన్ని తయారుచేస్తుంది. నలపకముందే ఉడికిస్తే ఎంజైము పాడైపోతుంది. తయారైన అల్లిసిన్ కూడా ఎక్కువ కాలం నిలవదు. మెయిల్లో ఇదంతా రెండు వాక్యాల్లో చెప్పి, నీకు కావలసింది సూటిగా అడుగు: "శుక్రవారం సాయంత్రం అయిదింటికి ప్లేట్లు పెట్టి, శనివారం పొద్దున పదింటికి వలయాలు కొలుస్తాను. ఆరు వారాలు. ఇంక్యుబేటర్, ఆటోక్లేవ్, హాని చేయని బ్యాక్టీరియా ఒక రకం కావాలి." (ఇంక్యుబేటర్ అంటే బ్యాక్టీరియాని వెచ్చగా ఉంచి పెంచే పెట్టె, ఆటోక్లేవ్ అంటే ఆవిరితో సామాను మీది క్రిముల్ని చంపే యంత్రం.) మందులకి లొంగని బ్యాక్టీరియా జోలికి వెళ్లకు, దానికి భద్రతా నియమాలు చాలా కఠినం.

ఇంకోటి. మా రంగంలో పేపర్ మీద చివరి పేరు సాధారణంగా ల్యాబ్ పెద్దది, మొదటి పేరు ప్లేట్లు స్వయంగా పెట్టినవాళ్లది. ఇద్దరికీ కలిపి పంపు. పక్కన నిలబడి నేర్పేది ఆ మొదటి మనిషే.

జవాబు (బయాలజీ మాస్టారు): ప్రొఫెసర్లే కానక్కర్లేదమ్మా. ఆసుపత్రి మైక్రోబయాలజీ విభాగం, నీళ్లు పరీక్షించే ల్యాబ్, డిగ్రీ కాలేజీ, ఎక్కడైనా అడగొచ్చు. నువ్వు మైనర్‌వి కాబట్టి బాధ్యత ఎవరిదన్న బెంగ వాళ్లకి ఉంటుంది. అమ్మానాన్నల అంగీకార పత్రం, టీచర్ ఉత్తరం మొదటి మెయిల్‌కే జతచెయ్యి.

జవాబు (ఒక నాన్న): మా అబ్బాయికి ఇద్దరు కుదరదన్నారు. రెండో ఆయన్ని "పోనీ ఎవరిని అడగమంటారు సార్?" అంటే ఒక పేరు చెప్పారు. వాడి గైడ్ ఇప్పుడు ఆవిడే.

పెట్రీప్లేట్: అందరికీ థాంక్స్. అక్కా, నిన్న రాత్రి ఒక పేపర్ పూర్తిగా చదివాను. రసాన్ని వడకట్టారో లేదో అందులో రాయలేదు. వాళ్లని అదే అడగనా?

ఇంక్యుబేటర్ అక్క: తప్పకుండా అడుగు! వడకట్టకపోతే రసంలో ఉన్న బ్యాక్టీరియా కూడా ప్లేటు మీద పెరుగుతుంది. వేడి చేద్దామంటే అల్లిసిన్ పోతుంది. మేమైతే బ్యాక్టీరియా దూరలేనంత సన్నటి, 0.22 మైక్రాన్ల రంధ్రాల ఫిల్టర్ వాడతాం, వాళ్లేం వాడారో కనుక్కో. పంపే ముందు మెయిల్ ఇక్కడ పెట్టు, చూస్తాను.