విండోస్‌లో సరే, ప్యాక్ చేశాక లినక్స్‌లో పీడీఎఫ్ తెరుచుకోవట్లేదు, మ్యాక్‌లో ఇంకో గోల

ప్రశ్న:
పైథాన్‌లో చిన్న డెస్క్‌టాప్ యాప్ రాశాను. రిపోర్ట్ తయారయ్యాక బటన్ నొక్కితే యూజర్ దగ్గర ఏ వ్యూయర్ ఉంటే అందులో పీడీఎఫ్ తెరుచుకోవాలి, అంతే. విండోస్‌లో ఓఎస్.స్టార్ట్‌ఫైల్‌తో పనైపోయింది. లినక్స్‌లో అది లేదు కాబట్టి సబ్‌ప్రాసెస్‌తో (వేరే ప్రోగ్రామ్‌ని నడిపే పైథాన్ మాడ్యూల్) ఎక్స్‌డీజీ-ఓపెన్‌ని (ఫైల్‌ని డిఫాల్ట్ యాప్‌లో తెరిచే కమాండ్) పిలుస్తున్నా, స్క్రిప్ట్‌గా నడిపితే చక్కగా తెరుచుకుంటుంది కానీ పైఇన్‌స్టాలర్‌తో (పైథాన్ లేకున్నా నడిచేలా యాప్‌ని కట్టే టూల్) ప్యాక్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. మ్యాక్‌లోనేమో వీడియో కత్తిరించడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కమాండ్-లైన్ ప్రోగ్రామ్‌ని పిలుస్తాను. టెర్మినల్ నుంచి నడిపితే దొరుకుతుంది, ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఫైలే లేదంటుంది. రెండు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నా.

జవాబు 1:
లినక్స్‌ది నేనూ పడ్డాను. పైఇన్‌స్టాలర్ తన లైబ్రరీలు తనకు దొరకాలని ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ని (లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే ప్రోగ్రామ్‌లకు అందే ఒక సెట్టింగ్) మార్చేస్తుంది. మీరు పిలిచిన ప్రోగ్రామ్‌కీ అదే వెళ్తుంది, దాంతో వ్యూయర్ తన లైబ్రరీలు వదిలేసి మీ యాప్‌లోవి ఎక్కించుకోబోయి అక్కడే చచ్చిపోతుంది. ప్యాక్ చేసినదాన్ని ఒకసారి టెర్మినల్ నుంచి నడిపి చూడండి, ఎర్రర్ కనబడుతుంది. ఎన్విరాన్‌మెంట్ కాపీ తీసుకుని, పేరు చివర _ఓఆర్ఐజీ అని ఉన్న వేరియబుల్‌లో పాత విలువ ఉంటే దాన్ని తిరిగి పెట్టండి, లేకపోతే ఆ వేరియబుల్‌నే తీసేసి, ఆ కాపీని సబ్‌ప్రాసెస్‌కి ఇవ్వండి.

జవాబు 2:
ఇంత తంటా ఎందుకు, క్యూటీ (విండోలు, బటన్లు చేసే లైబ్రరీ) వాడితే క్యూడెస్క్‌టాప్‌సర్వీసెస్ ఒక్క లైన్‌లో చేసేస్తుంది కదా?

జవాబు 1:
లినక్స్‌లో అదీ చివరికి ఎక్స్‌డీజీ-ఓపెన్‌నే పిలుస్తుంది, అదే పాడైన ఎన్విరాన్‌మెంట్‌తో. నేను ముందు అదే నమ్ముకుని ఒక సాయంత్రం పోగొట్టుకున్నా.

జవాబు 3:
మ్యాక్ సంగతి: ఫైండర్ నుంచి తెరిచిన యాప్ మీ జెడ్‌ఎస్‌హెచ్ (టెర్మినల్‌లో కమాండ్లు నడిపే షెల్) సెట్టింగులు చదవదు, కాబట్టి హోమ్‌బ్రూ (ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటివి ఇన్‌స్టాల్ చేసే టూల్) ఫోల్డర్ దాని పాత్‌లో (ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఉండదు. ఆపిల్ సిలికాన్ అయితే /ఆప్ట్/హోమ్‌బ్రూ/బిన్, ఇంటెల్ అయితే /యూఎస్ఆర్/లోకల్/బిన్, రెండూ మీరే వెతకండి, దొరక్కపోతే యూజర్‌నే చూపించమనండి. ఇంకోటి, దయచేసి సబ్‌ప్రాసెస్‌కి షెల్=ట్రూ (కమాండ్‌ని షెల్ ద్వారా నడిపే ఆప్షన్) పెట్టకండి. ఫైల్ పేరులో ఖాళీ ఉంటే కమాండ్ ముక్కలైపోతుంది, సెమీకోలన్ ఉంటే దాని తర్వాతది వేరే కమాండ్‌గా నడిచేస్తుంది. ఆర్గ్యుమెంట్లు లిస్ట్‌గా ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:
రెండూ పనిచేశాయి, థాంక్స్! కానీ పెద్ద వీడియో ఇస్తే ఎఫ్ఎఫ్ఎంపెగ్ మధ్యలో ఆగిపోతోంది. చిన్నవాటికి ఏం కావట్లేదు.

జవాబు 3:
ఎస్‌టీడీఎర్ర్‌కి (ప్రోగ్రామ్ ఎర్రర్లు, మెసేజ్‌లు రాసే దారి) పైప్ పెట్టి చదవకుండా వదిలేశారా? ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రెస్ అంతా అక్కడే రాస్తుంది. లినక్స్‌లో పైప్ మామూలుగా 64 కేబీ, అది నిండితే మీరు చదివేదాకా ఎఫ్ఎఫ్ఎంపెగ్ అక్కడే ఆగుతుంది. వేరే థ్రెడ్‌లో చదవండి, అక్కర్లేకపోతే డెవ్‌నల్‌కి (రాసిందంతా పారేసే చోటు) పంపండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ కీబోర్డ్ ఇన్‌పుట్ కోసం చూడకుండా -నోస్టడిన్ కూడా పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
అవును, పైపే. ఇప్పుడు మొత్తం వీడియో పూర్తయింది.