ఎల్‌సీ3-2 పెరిగితే కిడ్నీలో ఆటోఫజీ (కణం తన పాడైన భాగాలను తానే అరిగించుకోవడం) పెరిగినట్టేనా?

ప్రశ్న: సిస్‌ప్లాటిన్ (కిడ్నీని దెబ్బతీసే క్యాన్సర్ మందు) కిలోకి 20 మి.గ్రా. ఒకే డోసు ఇచ్చిన చిట్టెలుకల్లో మూడో రోజుకి క్రియాటినిన్ (రక్తంలో కిడ్నీ దెబ్బకు సూచిక) బాగా పెరిగింది. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను బ్యాండ్లుగా చూపే పరీక్ష) ఎల్‌సీ3-2 (ఆటోఫజీ సంచుల పొరకు అంటుకునే ప్రొటీన్) చిక్కగా వచ్చింది, పీ62 (ఆటోఫజీలో అరిగిపోయే ప్రొటీన్) కూడా పెరిగింది. ఆటోఫజీ పెరిగిందని రాయొచ్చా?

జవాబు 1: తొందరపడకండి. ఆటోఫజీ సంచులు ఎక్కువ తయారైనా, లైసోసోమ్ (కణంలో అరిగించే సంచి) అరిగించలేక అవి పేరుకుపోయినా ఎల్‌సీ3-2 పెరుగుతుంది. పీ62 చూస్తే రెండోదే అనిపిస్తోంది. అయితే ఎన్‌ఆర్‌ఎఫ్2 (ఒత్తిడిలో జన్యువులను పనిచేయించే ప్రొటీన్) వల్ల పీ62 ఉత్పత్తే పెరగొచ్చు, దాని ఎంఆర్‌ఎన్‌ఏ కొలవండి. ట్యూబ్యూల్ (కిడ్నీలోని సన్నని గొట్టం) కణాల కల్చర్‌లో నాలుగు గ్రూపులు పెట్టండి: కంట్రోల్, సిస్‌ప్లాటిన్, బాఫిలోమైసిన్ (లైసోసోమ్ పనిని ఆపే మందు), రెండూ కలిపి. బాఫిలోమైసిన్ 100 నానోమోలార్, చివరి 2-4 గంటలే. రాత్రంతా ఉంచితే కణాలే చస్తాయి. బాఫిలోమైసిన్ ఉన్నా సిస్‌ప్లాటిన్‌తో బ్యాండ్ ఇంకా పెరిగితే తయారీ నిజంగా పెరిగినట్టు. పెరగకపోతే అడ్డు లైసోసోమ్ దగ్గరే ఉండొచ్చు.

జవాబు 2: బ్లాట్ మాట. 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ రంధ్రాల పీవీడీఎఫ్ పొర వాడండి, 0.45 అయితే ఇంత చిన్న ప్రొటీన్ దాటిపోతుంది. కింది బ్యాండే ఎల్‌సీ3-2. దాన్ని ఎల్‌సీ3-1తో (సంచి పొరకు అంటని రూపం) కాదు, యాక్టిన్‌తో (పోలికకు వాడే మామూలు ప్రొటీన్) పోల్చండి.

జవాబు 3: మూడో రోజొక్కటే చాలదండీ, అప్పటికి ట్యూబ్యూల్స్ చాలావరకు చచ్చి ఉంటాయి. 12, 24, 48 గంటల శాంపిళ్లూ తీయండి. ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో (ట్యూబ్యూల్ మొదటి భాగం) మాత్రమే ఏటీజీ5 (ఆటోఫజీకి కావలసిన జన్యువు) తీసేసిన ఎలుకల్లో సిస్‌ప్లాటిన్ దెబ్బ మరింత ఎక్కువ. పాడైన మైటోకాండ్రియా తొలగక మిగిలిపోతుంది. అలాగని ఆటోఫజీని పెంచే రాపమైసిన్ ఇచ్చేస్తే సరిపోదు, అది ట్యూబ్యూల్ కణాల విభజననూ ఆపి కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది.