పాలు చాలట్లేదంటున్నారు, డబ్బా పాలు కొనసాగించాలా?

బాలింత_గుంటూరు:
బాబుకి 19 రోజులు. సిజేరియన్, పుట్టింట్లోనే ఉన్నాను. మొదటి రోజు పాలు పడలేదని ఆసుపత్రిలోనే డబ్బా పాలు పట్టేశారు, ఇప్పటికీ రోజుకి రెండుసార్లు అదే నడుస్తోంది. వాడు ఏడిస్తే చాలు, చూడ్డానికొచ్చిన వాళ్లలో ఎవరో ఒకరు "పాలు చాలట్లేదేమో" అంటారు, నాకూ ఏడుపొచ్చేస్తుంది. పత్యమని అమ్మ నీళ్లు కూడా కొలిచి ఇస్తోంది. నిజంగానే పాలు తక్కువా?

నర్సు_అక్క:
ఏడుపు పక్కన పెట్టి తడిసిన పొత్తిగుడ్డలు లెక్కపెట్టమ్మా. రోజుకి ఆరు, అంతకన్నా ఎక్కువ తడుపుతూ, పుట్టినప్పటి బరువు రెండు వారాలకల్లా తిరిగొచ్చి ఉంటే మంచిదే, కానీ నువ్వు డబ్బా కూడా పడుతున్నావు కాబట్టి ఒక్కసారిగా మానేయకు, పిల్లల డాక్టరుకి బరువు చూపించి మెల్లగా తగ్గించు. బిడ్డ ఎంత తాగితే అంత ఊరతాయి, డబ్బా పట్టిన పూట రొమ్ముకి ఆ కబురు అందదు. సిజేరియన్ అయితే పాలు పడటం కాస్త ఆలస్యం కావచ్చు, ఆ మొదటి రోజుల్లో వచ్చే ముర్రుపాలు ఎలాగూ చెంచాల లెక్కే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రలో 42 శాతం, తెలంగాణలో దాదాపు 61 శాతం కాన్పులు సిజేరియన్లేనట, అంటే ఈ గొడవ ఎన్ని ఇళ్లలో ఉంటుందో చూడు. నీళ్లు దాహమేసినంత తాగు. బాబుకి మాత్రం ఆరు నెలల దాకా నీళ్లొద్దు, తేనె అయితే ఏడాది దాకా నాకించొద్దు.

హైదరాబాద్_ఉద్యోగిని:
నాకు 26 వారాల సెలవు దొరికింది, 2017లో చట్టం మారింది కదా. తిరిగి వెళ్లాకే అసలు కష్టం, పాలు పిండుకోడానికి చోటు లేక బాత్‌రూంలో నిలబడేదాన్ని, మధ్యలో తలుపు కొడితే చేపు ఆగిపోయేది. అయినా నాది నయమే. మా ఇంట్లో పనిచేసే ఆవిడ నలభై రోజులకే పనిలోకి వచ్చేసింది, పసిపిల్లని ఎనిమిదేళ్ల అక్క చూసుకునేది. ఆవిడతో ఆరు నెలలు తల్లిపాలే పట్టమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఒక_నాన్న:
మేమూ ఇదే పడ్డాం. చుట్టాల్ని రెండు వారాలు రావద్దన్నాను (పెద్దత్త ఇంకా మాట్లాడట్లేదు, అది వేరే కథ), రాత్రి గుడ్డలు మార్చడం నేను తీసుకున్నాను. మా ఆవిడ నిద్రపోయింది, పాలు పెరిగాయి. మీ ఆయన్ని నాలుగు రోజులు సెలవు పెట్టి అక్కడికి రమ్మనండి.

బాలింత_గుంటూరు:
ఇవాళ తూయించాం అక్కా, పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఇప్పుడు 3.2. ముందు మధ్యాహ్నం డబ్బా ఆపి, వారానికి మళ్లీ తూయించమన్నారు డాక్టరు. మా ఆయన శనివారం వస్తున్నారు. నీళ్ల సంగతి అమ్మతో ఆయన చేతే చెప్పిస్తా, నేను చెప్తే వినదు.