సైగలు నేర్పితే పాపకు మాటలు రావంటున్నారు, నిజమేనా?

ప్రశ్న (మర్రిపాలెం, విశాఖపట్నం):
మా పాపకు రెండేళ్ల నాలుగు నెలలు. చెవి వినికిడిని కొలిచే బెరా పరీక్షలో 90 డెసిబెల్స్ శబ్దానికి కూడా రెండు చెవుల్లోనూ స్పందన లేదని తేలింది. మూడు వారాలుగా వినికిడి యంత్రాలు పెడుతున్నాం గానీ, పాప వాటిని పీకి పారేస్తోంది. ఇంకో ముద్ద కావాలంటే నా చెయ్యి పట్టుకుని కంచంలోకి లాగుతుంది. దానికొక సైగ నేర్పబోతే, అలవాటైతే ఇక నోరు తెరవదని మా అత్తగారు వారిస్తున్నారు. ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం (కాక్లియర్ ఇంప్లాంట్) కోసం తిరుగుతున్నాం. అప్పటిదాకా ఏం చేయాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

గాజువాక నుంచి ఒక తల్లి:
పీకేయడం మొండితనమనుకోకండి. మా బాబు యంత్రం అదే పనిగా కూత పెట్టేది. పిల్లవాడు ఎదగడంతో మోల్డు (చెవి కొలతకు చేయించి యంత్రానికి తగిలించే అచ్చు) వదులైందని తెలిసి, కొత్త కొలతతో చేయించాక తీసేయడం తగ్గింది. మన ఊరి ఉక్కపోతకు చెమట చేరి యంత్రం పాడవుతుంది కనుక, రాత్రిళ్లు సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. సైగల విషయంలో మాత్రం మేమూ పెద్దల మాటే విన్నాం. ఒక రాత్రంతా వాడు ఏడుస్తుంటే కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు పట్టించాం. తెల్లవారాక చూస్తే మోల్డు ఒరుసుకుని చెవిలో పుండు పడింది. ‘నొప్పి’ సైగ ఆ రోజే నేర్పాను.

బధిర పిల్లల ఉపాధ్యాయుడు, పెందుర్తి:
అమ్మా, సైగ మాటను అడ్డుకోదు. తొలి ఏళ్లలో మెదడుకు ఏదో ఒక భాష అందాలి. చెవి నుంచి అందనప్పుడు కంటి నుంచైనా అందాలి. భారతీయ సంజ్ఞా భాష నిఘంటువులో 2021 నాటికే 10,000 పదాలున్నాయి, వీడియోలు ఉచితంగా చూడవచ్చు. ముద్ద పెట్టేటప్పుడు ‘ఇంకా’ అని పలుకుతూనే సైగ చేయండి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నీడలో పడి మీ పెదవులు పాపకు కనిపించవు, అది చూసుకోండి.

స్పీచ్ థెరపిస్టు, సీతమ్మధార:
మాస్టారి మాటతో నాకు పేచీ లేదు గానీ, ఒక్కటి చేర్చాలి. ఇంప్లాంట్ ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు యంత్రాన్ని ఆన్ చేస్తారు. వినడం పాప అప్పటి నుంచే నేర్చుకోవడం మొదలుపెడుతుంది. ఆ దశలో ఇంట్లో సైగలే సాగి మాట వినిపించడం తగ్గితే చికిత్స కుంటుపడుతుంది. మాలో కొందరు సైగలు వద్దనేది ఆ భయంతోనే. వికలాంగులకు సహాయ పరికరాలు ఇచ్చే కేంద్రం ఏడిప్ పథకంలో, పుట్టుకతోనే వినికిడి లేని పిల్లలకు ఐదేళ్లలోపే ఇంప్లాంట్ ఇస్తారు కాబట్టి, కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
మోల్డు కొలతకు సోమవారం వెళ్తున్నాం. ఇవన్నీ అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, ‘నొప్పి’ ఒక్కటీ నేర్పుకోమన్నారు.